అలజడికి గమ్‌బూట్లు తొడిగింది నేను

వృత్తి అనుభవాలు రాయమని మీ పత్రిక అడిగిన దగ్గర్నుంచి డాక్టర్లు రాశారు, బ్యాంకు మేనేజర్లు రాశారు, రిటైరైన ఇంజనీర్లయితే ఒక్కొక్కరు రెండేసి సార్లు రాశారు. నేనూ పంపాను. ఒకసారి కాదు, మూడుసార్లు. అందిందని కూడా ఒక్క ముక్క రాయలేదు మీరు. బోర్డులు రాసుకునేవాడికి చెప్పుకోదగ్గ అనుభవం ఏముంటుందిలే అనుకుని ఉంటారు. ఏలూరు బజారులో సగం షాపుల పేర్లు ఒకప్పుడు నా చేతిరాతేనని మీకు తెలియదు కాబట్టి ఈసారికి సరిపెట్టుకుంటున్నాను. మరచిపోయానని మాత్రం అనుకోకండి.

కరోనా తగ్గిన మరుసటేడు వేసవి. అప్పటికి ఫ్లెక్సులు వచ్చి మా చేతిపని చాలా మట్టుకు తినేశాయి. స్కూలు గోడల మీద నీతివాక్యాలు, పాల వ్యానుల మీద పేర్లు, చర్చి ముందు ఆర్చీల మీద అక్షరాలు, ఇవే మిగిలాయి. అలాంటప్పుడు ఆకివీడు నుంచి కబురొచ్చింది. అక్కడ రోడ్డు పక్కన ఒక రొయ్యల ప్యాకింగ్ షెడ్డు ఉంది. దాని ప్రహరీ మీద పెద్ద బొమ్మ వెయ్యాలి, ఫ్లెక్సు వద్దు, చేత్తోనే వెయ్యాలి అన్నారు.

వేయించేది హైదరాబాదులో బొమ్మల కథల పుస్తకాలు అచ్చేసే కంపెనీ. వాళ్ళు కొత్తగా ఒక ఆడ సూపర్ హీరోను పుట్టించారు. ఆమె పేరు అలజడి. పగలు ఆకివీడులో రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. చీకటి పడగానే ఒంట్లోకి మెరుపు శక్తి వచ్చి, కొల్లేటి నీళ్ళలో విషం కలిపేవాళ్ళ పని పడుతుంది. కథ బాగానే ఉంది. కథ ఎక్కడ జరుగుతుందో అక్కడే గోడ మీద ఆమె బొమ్మ వేయించి, వీడియో తీసి, పుస్తకానికి ప్రచారం చేసుకోవాలని వాళ్ళ ఆలోచన. షెడ్డు యజమానిని అక్కడ అందరూ రాజుగారనే అంటారు. ఆయన గోడ ఇచ్చారు.

కంపెనీ తరఫున కార్తీక్ గారని ఒక కుర్రాయన వచ్చాడు. పుస్తకం అట్ట మీది బొమ్మ నా చేతికిచ్చి, "మీరు ఉన్నదున్నట్టు దించేస్తే చాలు అంకుల్. క్రియేటివిటీ సంగతి మా వాళ్ళు చూసుకున్నారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ మాట ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

మా పనిలో చిన్న బొమ్మను పెద్ద గోడకు ఎక్కించడాన్ని గ్రాఫ్ కట్టడం అంటాం. చిన్న బొమ్మ మీద పెన్సిలుతో గళ్ళు గీస్తాం. గోడ మీద రంగు పొడి అద్దిన దారం లాగి కొట్టి, అన్నే గళ్ళు పెద్దవిగా తీస్తాం. ఆ తర్వాత ఈ గడిలో ఉన్న గీతను ఆ గడిలోకి దించుకుంటూ పోవడమే. సారవ మీద, అంటే కర్రలతో కట్టిన మంచె మీద నిలబడి గీసేవాడికి మొత్తం బొమ్మ కనిపించదు. ఎదురుగా ఉన్న గడి ఒక్కటే కనిపిస్తుంది. అందుకే బొమ్మలో ఏది ఎంత ఉందో మాకు తెలిసినంతగా, దాన్ని ముచ్చటగా చూసి పక్కన పెట్టేవాళ్ళకు తెలియదు.

పుస్తకంలో ఆ బొమ్మ నా అరచేతి అంత ఉంది. అప్పుడు నాకేమీ తేడా అనిపించలేదు. గళ్ళు కట్టాక లెక్క బయటపడింది. ముఖానికి ఒక గడి. నడుముకు అందులో సగం కూడా లేదు. ఛాతీకి నాలుగు గళ్ళు. బట్టలనేవి చిరిగిన వల ముక్కలు, అవి కూడా ఎక్కడ చిరగాలో అక్కడే చిరిగాయి. ముందూ వెనకా రెండూ ఒకేసారి కనిపించేలా ఒంటిని మెలితిప్పారు. మనిషన్న వాళ్ళెవరైనా అలా తిరిగితే వెన్నుపూస విరుగుతుంది. పాదాలు మునివేళ్ళ మీద ఉన్నాయి. నిలబడిందేమో తాటి దోనె మీద, కాలు కదిపితే ఒరిగే పడవ మీద. అదే పుస్తకంలో ఆమెకు సాయం చేసే ఫారెస్టు గార్డు ఒకడున్నాడు. అతనికి బొత్తాలన్నీ పెట్టిన చొక్కా, బెల్టు, బూట్లు. రెండు పాదాలూ నేల మీద ఆనించి నిలబడ్డాడు. పిడుగులు విసిరేది ఆమె, బట్టలున్నది అతనికి.

నన్ను మరీ సిగ్గరినని అనుకోకండి. సినిమా హాళ్ళకు కటౌట్లు వేసినవాణ్ణి. అయినా హాలు దగ్గరకు చూద్దామని వచ్చేవాడు వస్తాడు. ఇది రోడ్డు. గోడ చివర గేటు ఉంది. ఆ గేటులోకి పనికెళ్ళే ఆడవాళ్ళందరూ ఆటోలు దిగి, ఆ గోడ పొడుగునా నడిచి వెళ్ళాలి.

ఔట్‌లైన్ పూర్తయి, ఒంటికి మొదటి కోటు రంగు పడగానే మొదలైంది. చేపల లారీలు గోడ దగ్గరకొచ్చేసరికి నెమ్మదించేవి. డ్రైవర్లు, క్లీనర్లు దిగి టీలు తాగుతూ బొమ్మను చూసేవాళ్ళు. తర్వాత ఆటోలు దిగే ఆడవాళ్ళను చూసేవాళ్ళు. ఒకడు "అలజడి వచ్చిందిరోయ్" అనేవాడు, ఇంకొకడు "ఏ అలజడిరా, పొట్టిదా పొడుగుదా" అనేవాడు. ఆ ఆడవాళ్ళు తలలు వంచుకుని, కొంగులు నిండుగా కప్పుకుని, ఇదివరకు కబుర్లాడుకుంటూ నడిచే దారిలో పరుగు లాంటి నడకతో పోవడం సారవ మీద నుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

మర్నాడు షెడ్డులోంచి ఒకావిడ బయటికొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల కోటు, తలకు ప్లాస్టిక్ టోపీ, మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు. పేరు సువార్త. రొయ్యల ట్రేలు దించే జట్టుకు పెద్ద. సారవ కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది.

"ఏవండీ, ఈవిడెవరండీ?"

"మీరేనమ్మా. మీ షెడ్డులో పని చేసే మనిషి కథంట."

"మేమా?" అని వెనక్కి తిరిగి, గేటు దగ్గర నిలబడి చూస్తున్న తోటివాళ్ళకు అరిచి చెప్పింది. వాళ్ళు నవ్వారు. "ఈ గుడ్డలతో మా కోల్డు రూములోకొస్తే టీ తాగే లోపు బిర్రబిగిసిపోద్దండీ. ఐసు కొట్టి బాక్సులో పెట్టెయ్యాలి."

"ఆవిడకి శక్తులున్నాయంటే అక్కా" అంది గేటు దగ్గర నుంచి ఒకమ్మాయి.

"శక్తులుంటే ముందు ఒక చొక్కా తెచ్చుకోవచ్చుగా."

నేనూ నవ్వాను. సువార్త మాత్రం నవ్వు ఆపేసింది. జరుగుతున్నది నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ జట్టులో ఒకమ్మాయిని ఆమె భర్త బొమ్మ చూసిన సాయంత్రమే పని మానెయ్యమన్నాడట. ఇంకో ఇద్దరు వెనక పక్క చెరువు గట్టు మీద నుంచి, బురదలో పడి వస్తున్నారట. భర్త పోయిన ఒకావిడకు ఆ జీతమే ఆధారం, ఆమె మానలేదు, రోజూ ఏడుస్తూ వస్తోందట.

"మీరు రంగేసుకుని ఎల్లిపోతారండి. మేం రోజూ దీని కింద నుంచే ఎల్లాలి" అంది.

నేను బ్రష్షు కడిగేసి కిందికి దిగాను. నా నలభై ఏళ్ళ పనిలో సగంలో దిగిపోవడం అదే మొదలు.

కార్తీక్ గారికి ఫోన్ చేశాను. సంగతంతా విని, అది అసభ్యం కాదని, ఆత్మవిశ్వాసమని, ప్రపంచమంతా ఆడ సూపర్ హీరోలు ఇలాగే ఉంటారని, మీ వయసు వాళ్ళకు కొంచెం కొత్తగా ఉంటుందని ఓపిగ్గా చెప్పాడు. బలం చూపించాలంటే ఒంటిని చూపించాలి కదా అన్నాడు. "చూపించండి. చెయ్యి చూపించండి, భుజం చూపించండి, తొడలో కండ చూపించండి. నేను గళ్ళు కట్టి చూశాను, మీ బొమ్మలో కండ ఉండాల్సిన చోట ఒక్కటీ లేదు" అన్నాను. ఆర్డరు ప్రకారం వెయ్యండి అంకుల్ అని పెట్టేశాడు. వయసు గురించి అన్న మాట కూడా నేను దాచుకున్నాను.

రాజుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన బొమ్మ కేసి సరిగా చూడలేదు కూడా. "గోడ ఇచ్చానండీ, బొమ్మ సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. మనుషులు మానేసి నా లోడు ఆగితే మాత్రం ఊరుకోను" అన్నారు. నాకు అది చాలు.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. ఎవరైనా అదే చేస్తారు. బట్టలు లేకపోవడమే తప్పనుకుని బట్టలు వేశాను. ఒక పూటంతా కూర్చుని ఆ ఒంటి మీదే నిండు చేతుల చొక్కా, ప్యాంటు గీసి నీలం రంగు కొట్టాను. పని దిగే వేళకు సువార్త జట్టు బయటికొచ్చింది. అందరూ వరసగా నిలబడి చూశారు. ఎవరూ బాగుందని అనలేదు.

"బట్టలేశారు గానండీ," అంది సువార్త, "ఇంకా అలాగే నిలబడింది."

"ఎలాగ?"

ఆమె మళ్ళీ పైకి చూసింది. "ఎవడో చూస్తున్నాడని నిలబడ్డట్టు. పనున్న మనిషి అలా నిలబడదండి."

ఎంతోమంది మాస్టర్ల దగ్గర నేను బొమ్మలు నేర్చుకున్నాను. ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. దోనె మీద నిలబడి, చుట్టూ శత్రువులుంటే, ఆ అలజడి తన పని వైపు చూడటం లేదు. అరమోడ్పు కళ్ళతో రోడ్డు మీద టీ తాగుతున్నవాడి వైపు చూస్తోంది. చొక్కా తొడిగినా, దుప్పటి కప్పినా ఆ చూపూ ఆ మెలికా పోవు. మార్చాల్సింది గుడ్డ కాదు, ఎముక.

"అయితే పనున్న మనిషి ఎలా నిలబడుతుందో మీరే చూపించాలమ్మా" అన్నాను.

ఆమె సిగ్గుపడలేదు. లోపలికి వెళ్ళి, ఐసుతో నిండిన రొయ్యల ట్రే ఒకటి తెప్పించి గేటు లోపల నేల మీద పెట్టించింది. పాదాలు దూరంగా పెట్టి, మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి కూర్చుంది. గడ్డం ఛాతీకి ఆనింది. ఒక్క ఊపిరి పీల్చి ట్రేతో లేచింది. బరువు ముందు తొడల్లోకి, తర్వాత నడుములోకి, ఆఖరున భుజాల్లోకి ఎక్కడం కంటికి కనిపించింది. నేను అట్టముక్క మీద గీస్తూ పోయాను. మళ్ళీ ఎత్తమన్నాను, మళ్ళీ ఎత్తింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకుంటారా.

"అక్కా, కాస్త నడుం సన్నం చేయమను."

"ఉన్న నడుమే వెయ్యమనండి. దానికి తిండి పెట్టి పెంచుకున్నాను."

"ముక్కుపుడక వెయ్యండి బాబుగారూ, చీకట్లో మెరుస్తది."

"గమ్‌బూట్లు వెయ్యండి ముందు. పాములుంటాయి కొల్లేట్లో."

ఆ రాత్రి ఏలూరు వెళ్ళలేదు. తెల్లవారి గోడంతా ప్రైమరు కొట్టి, అంటే పాత బొమ్మ కనిపించకుండా అడుగు రంగు వేసి, మళ్ళీ దారం లాగాను. కంపెనీ వాళ్ళ రంగులు వాళ్ళవే ఉంచాను. నీలం, మెరుపు పసుపు, విరబోసిన జుట్టు, పేరు రాసిన తీరు, ఏదీ మార్చలేదు. మనిషిని మార్చాను. తిరగబడిన దోనెను అంచు పట్టుకుని నీళ్ళలోంచి పైకెత్తుతున్న అలజడి. దోనెలోంచి నీళ్ళు కారుతున్నాయి. పాదాలు దూరంగా, నల్ల గమ్‌బూట్లలో, అడుగున బురదలో దిగబడి ఉన్నాయి. ఈసారి భుజాలకు నాలుగు గళ్ళు పట్టాయి. తొడలకు ఆరు. కళ్ళు దోనె మీదున్నాయి. చొక్కా తడిసి ముంజేతుల దాకా మడిచి ఉంది. ముక్కుపుడక కూడా వేశాను, అడిగినావిడకు మాట ఇచ్చాను కాబట్టి. ఆ ముక్కుపుడకలోనే పిడుగు మెరుపు పెట్టాను.

మా పనివాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. బోర్డు పూర్తయ్యాక కింద కుడి మూలన పేరు రాసుకుంటాం. అది గర్వానికి కాదు, పనిలో లోపముంటే ఎవణ్ణి అడగాలో తెలియడానికి. నేనూ రాశాను, ఎనామిల్ పెయింటుతో, నా కొట్టు పేరు, పేట పేరు, ఏలూరు. దాని పైన చిన్న అక్షరాలతో "నిలబడి చూపించింది సువార్త" అని రాశాను.

మొదటి లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, పైకి చూసి, టీ చేతిలోనే పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఎవరీవిడ అని అడిగాడు. ఆటో దిగుతున్న ఆడవాళ్ళలో ఆ భర్త పోయినావిడే తల ఎత్తి, "మా సువార్తక్క" అంది. అతను దోనె వైపు, ఆ చేతుల వైపు చూసి, "ఈవిడతో పెట్టుకోకూడదు" అని టీ పూర్తి చేసి లారీ ఎక్కాడు. ఇంకే మాటా రాలేదు. ఆ వారంలోనే గట్టు మీద నుంచి వచ్చే ఇద్దరూ రోడ్డు దారికి వచ్చేశారు. మానేసిన అమ్మాయిని భర్తే బండి మీద తెచ్చి, గోడ ముందు ఫోటో తీసి మరీ దింపి వెళ్ళాడు.

కార్తీక్ గారు వీడియోవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. కారు దిగి గోడను చూడగానే ముఖం మాడిపోయింది. ఇది మా క్యారెక్టర్ కాదు అన్నాడు. మళ్ళీ వెయ్యాలన్నాడు. నేను బ్రష్షు ఆయన చేతికిచ్చి, "మీరే వెయ్యండి, గోడ ఖాళీగానే ఉంది చుట్టూ" అన్నాను. ఇంతలో షిఫ్టు దిగి ఆడవాళ్ళు బయటికొచ్చారు. కెమెరా చూసి పారిపోలేదు. టోపీలు తీసి, జుట్టు సర్దుకుని, బొమ్మ కింద వరసగా నిలబడ్డారు. కొందరు అలజడి లాగా చేతులు పైకెత్తారు. కెమెరా ఆయన అప్పటికే తీస్తున్నాడు. కార్తీక్ గారు నాతో మాట్లాడకుండా కారెక్కాడు.

ఆ వీడియో ఎంతమంది చూశారో నాకు లెక్క తెలియదు. బాగా చూశారనే విన్నాను. మళ్ళీ వెయ్యమన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు భీమవరం వెళ్తూ బస్సులోంచి చూశాను కదా, గోడ కుడి మూల తెల్లగా ఉంది. నా పేరు మీద, సువార్త పేరు మీద సున్నం కొట్టేసి, దాని పక్కన కంపెనీ ముద్ర వేశారు.

ఆ తర్వాతి సంగతి తాడేపల్లిగూడెం స్టేషన్‌లో తెలిసింది. రైలు కోసం కూర్చుంటే, ఎదురు బల్ల మీద ఇంజనీరింగు చదివే ఇద్దరమ్మాయిలు ఒక పుస్తకం కోసం లాక్కుంటున్నారు. అలజడి రెండో పుస్తకం. ఒకసారి చూస్తానమ్మా అని అడిగి తీసుకున్నాను. అట్ట మీద అలజడి ఉంది. పాదాలు దూరంగా ఉన్నాయి. మోకాళ్ళు వంగి ఉన్నాయి. గడ్డం ఛాతీకి ఆని ఉంది. నల్ల గమ్‌బూట్లు. ముక్కుపుడకలో మెరుపు. లోపల పేజీలన్నీ తిప్పాను, ఒక్క చోట కూడా ఆమె మునివేళ్ళ మీద లేదు. ఫారెస్టు గార్డు పక్కన ఆమె కూడా బొత్తాలు పెట్టుకునే ఉంది. "మొదటి పుస్తకాన్ని ఎవరైనా చూస్తారని నా బ్యాగులో అడుగున పెట్టుకునేదాన్నండీ. ఇది పైన పెట్టుకుంటున్నాను" అంది పుస్తకం యజమానురాలు. నా రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. అంత సంతోషం నాకు నా చేతి బోర్డు బజారులో మొదటిసారి ఎక్కినప్పుడు కలిగింది, మళ్ళీ ఆ రోజే.

మొదటి పేజీలో పేర్లున్నాయి. కథ ఫలానా, బొమ్మలు ఫలానా, రంగులు ఫలానా. అలజడి కొత్త రూపం మా డిజైన్ బృందం పరిశోధన ఫలితం అని కూడా వేశారు. పరిశోధన అంటే ఐసు ట్రే ఎత్తడమని నాకు అప్పుడే తెలిసింది.

ఈ పని నాకు నేర్పింది చెప్పి ముగిస్తాను. బొమ్మలో ఆడమనిషికి మర్యాద బట్ట వల్ల రాదు. ఆమె ఎవరి కోసం నిలబడిందన్న దాన్ని బట్టి వస్తుంది. అరచేతిలో దాగిన సంగతి గోడ మీద దాగదు. కాబట్టి బొమ్మలు గీసే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, గీసినదాన్ని ఒకసారి గోడంత పెంచి, దాని కింద నుంచి నడిచి వెళ్ళాల్సిన మనిషిని పిలిచి చూపించండి.

కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. సువార్తతో చెబితే, "పేరెందుకండీ, కింద నుంచి ఎల్తుంటే నాకు తెలవదా" అని నవ్వేసింది. ఆమె పెద్ద మనసు ఆమెది. నాకు అంత లేదు. నాకు డబ్బు అక్కర్లేదు, ఇచ్చింది చాలు. కార్తీక్ గారూ, మీ డిజైన్ బృందం వారూ, ఒక్కటే అడుగుతున్నాను. ఆ నిలబడే తీరు మీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? నాకు జవాబు కావాలి, ఈసారి ఇదే పత్రికలో, అందరూ చదివేలా కావాలి.

నా అడ్రసు లేదని సాకు చెప్పకండి. మీరు ఎనామిల్ మీద సున్నం కొట్టించారు. ఎనామిల్ మీద సున్నం నిలవదని బోర్డులు రాసే ఎవరినడిగినా చెబుతారు. మొన్నటి వానలకు పెచ్చులు రాలి, సువార్త పేరు పూర్తిగా బయటికొచ్చింది, నాది సగం వచ్చింది. వచ్చే వానలకు ఏలూరు కూడా కనిపిస్తుంది. అక్కడికి రాయండి.